ఎండాకాలం పాట, రెండు రాష్ట్రాల పూచీ

హోలీ వెళ్లాక బీదర్ చుట్టుపక్కల ఎండ ముదురుతుంది. ఆ రోజుల్లోనే కలబురగి జిల్లా మడియాళ నుంచి ఒక జంగమయ్య శిష్యులను వెంటబెట్టుకొని బయలుదేరతాడు. దారిలో ఊరూరా ఆగుతూ బీదర్ పక్కనున్న అష్టూరు గ్రామానికి చేరుకుంటాడు. అక్కడి గుమ్మటం కింద ఉన్న సమాధి ముందు శంఖం ఊదుతాడు, కొబ్బరికాయ కొడతాడు, పూలు సమర్పిస్తాడు. అదే సమాధి దగ్గర ఫాతిహా కూడా చదువుతారు. లోపల నిద్రిస్తున్నది బహమనీ సుల్తాను అహ్మద్ షా. ముస్లింలకు ఆయన వలీ, లింగాయతులకు అల్లమప్రభువు. ఒకరు ఉరుసుకు పోతున్నామంటారు, ఒకరు జాతరకు పోతున్నామంటారు. ఎక్కే బండి ఒకటే, దిగే చోటూ ఒకటే.

అహ్మద్ షా 1422 నుంచి 1436 వరకు పాలించాడు. గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కు మార్చింది ఆయనే. ఆయన ఏలుబడి తొలినాళ్లలో కరువు వచ్చిందని, సుల్తాను ఊరి బయటికి వెళ్లి దేవుణ్ని వేడుకుంటే వాన కురిసిందని, అప్పటినుంచి జనం ఆయన్ని వలీ అని పిలవసాగారని చెప్పుకుంటారు. నిజాం సర్కారు పురావస్తు శాఖలో పనిచేసిన గులాం యాజ్దానీ 1947లో అచ్చయిన తన బీదర్ చరిత్ర గ్రంథంలో ఈ ఉత్సవం గురించి, జంగమయ్య రాక గురించి వివరంగా రాశారు. మిగతా ఉరుసులు హిజ్రీ తేదీలతో పాటు ఏడాది పొడవునా రుతువులన్నీ తిరుగుతాయి. అష్టూరు ఉరుసు అలా తిరగదు. దాని లెక్క హోలీతో ముడిపడి ఉంది కాబట్టి ఏటా ఎండల్లోనే వస్తుంది. వానను తెచ్చాడని నమ్మిన రాజును జనం నీళ్లు అడుగంటే కాలంలోనే తలుచుకుంటారు.

ఉరుసు అన్నచోట ఖవ్వాలీ ఉంటుంది. జాతర అన్నచోట భజన ఉంటుంది, డోలు ఉంటుంది. బీదర్ పీఠభూమి మీద ఈ రెండూ పక్కపక్కన వినబడుతూ వచ్చాయి. పట్నాల్లో టికెట్లు కొని వెళ్లే సంగీతోత్సవాలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. టికెట్టు లేని ఈ పల్లె సంగీతోత్సవం మాత్రం ఏ ప్రభుత్వ లెక్కలోనూ సంగీతంగా నమోదు కాదు. పోలీసు బందోబస్తు లెక్కలో జనసమూహంగా, ఎండోమెంటు లెక్కలో హుండీగా నమోదవుతుంది. ఈ పద్ధతి మారాలి. మార్చాల్సిన బాధ్యత బీదర్ ఉన్న కర్ణాటకతో పాటు సరిహద్దుకు అవతలున్న తెలంగాణ మీద కూడా అంతే ఉంది.

పల్లె పాటకు ఎండాకాలమే ఎందుకు అదను అయిందో వ్యవసాయం తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది కంది, పెసర, మినుము, శనగ, జొన్న పండే నేల. సంక్రాంతికి అటూ ఇటూ కంది ఇల్లు చేరుతుంది. ఫాల్గుణానికి శనగ, తెల్లజొన్న కోతలు అయిపోతాయి. అప్పటినుంచి మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా రైతుకు చేనులో పని తక్కువ, చేతిలో నాలుగు గింజలు ఎక్కువ. పెళ్లిళ్లు, బీరప్ప పండుగలు, ఎల్లమ్మ పట్నాలు, ఊరి దేవతల కొలుపులు అన్నీ ఈ రెండున్నర నెలల్లోనే వస్తాయి. ఒగ్గు మేళాలు, చిందు మేళాలు, బుడగ జంగాలు, బైండ్లవాళ్లు, డక్కలివాళ్లు ఊళ్లు పట్టుకొని తిరిగేదీ ఇప్పుడే. ఏ కులానికి ఎవరు కథ చెప్పాలో, ఏ ఊరు ఏ కుటుంబం వంతో తాతల నాడే తేలిపోయి ఉంటుంది. తమ వాటా అడగడానికి వాళ్లు కల్లం దగ్గరికే వచ్చేవారు. రాశి కొలిచేటప్పుడు కుమ్మరికి, కమ్మరికి తీసినట్టే పాటగాడికీ కొంత గింజ పక్కన పెట్టేవారు.

ఆ కల్లం ఇప్పుడు చాలా ఊళ్లలో లేదు. యంత్రం చేలోనే కోసి, నూర్చి, గింజను ట్రాక్టర్లో పోస్తుంది. అది అటునుంచి అటే మార్కెట్ యార్డుకు పోతుంది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇందులో రైతు తప్పు ఏమీ లేదు. కూలీలు దొరకని చోట యంత్రం రాక తప్పదు. అయితే గింజ దారి మారినప్పుడు ఆ దారి పక్కన నిలబడి చేయి చాచే హక్కు ఉన్నవాళ్ల బతుకూ మారిపోయింది. పాటగాళ్లు తగ్గిపోతున్నారని బాధపడేవాళ్లు ముందుగా గమనించాల్సింది ఈ మార్పునే. జనానికి పాట మీద మోజు తగ్గడం కన్నా, పాటకు గింజ ముట్టే దారి మూసుకుపోవడం పెద్ద దెబ్బ.

ఈ నేలకు పల్లెపాటతో ఉన్న సంబంధం చాలా పాతది, దానికి రాతలో ఆధారం ఉంది. నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణం ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడి నుంచి ఏలిన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత విజ్ఞాన సర్వస్వం రాశాడు. ఏనుగుల పెంపకం, వంటలు, వైద్యం, రత్నాల పరీక్ష నుంచి సంగీతం దాకా అందులో లేని విషయం అరుదు. మహారాష్ట్ర దేశపు ఆడవాళ్లు ధాన్యం దంచుతూ ఓవీ పాటలు పాడతారని ఆ రాజు అందులో ప్రత్యేకంగా చెప్పాడు. ఆస్థాన విద్వాంసుల నడుమ కూర్చున్న చక్రవర్తి రోకటి పాటను సంగీత ప్రకరణంలో చేర్చదగిన విషయంగా గుర్తించాడు.

ఆ తర్వాతి శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తెలుగులో అదే పని ఇంకా విస్తారంగా చేశాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు అంటూ జనం నోట ఉన్న పాటల జాబితాను ‘పండితారాధ్య చరిత్ర’లో భద్రపరిచాడు. ఆయన ‘బసవపురాణం’లో నడిచే కథ ఈ కల్యాణ పట్టణపు కథే. బీదర్ గడ్డ మీద జరిగిన సంగతులను తెలుగు ద్విపదలో వినిపించిన ఆ కావ్యాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్లాడు. కన్నడం, తెలుగు, మరాఠీ ఇక్కడ ఒకదాన్నొకటి వింటూ పెరిగాయి.

ఈ మూడూ ఒకే దేవుడి ముందు కలిసి పాడేచోటు చూడాలంటే మైలారం వెళ్లాలి. బీదర్‌కు కొద్ది దూరంలో, భాల్కీ తాలూకా ఖానాపూర్ దగ్గర మైలార మల్లన్న గుడి ఉంది. భక్తులు దాన్ని ఆది మైలారం అంటారు. తెలంగాణలో కొమురవెల్లి మల్లన్న, మహారాష్ట్రలో జేజురి ఖండోబా, కర్ణాటకలో మైలారలింగ. పేర్లు వేరైనా కథ ఎముక ఒకటే. కొమురవెల్లిలో స్వామికి బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. జేజురిలో వాణీ కులపు మ్హాళ్సా, ధనగర్ల ఆడబిడ్డ బాణాయి. కన్నడ సీమలోనూ ఇద్దరే, అందులో ఒకరు కురుబల ఆడపడుచు. ఒక భార్య వ్యాపారుల ఇంటి నుంచి, ఇంకో భార్య గొర్రెల మంద నుంచి. ఊరినీ అడవినీ ఒక్క ఇంట్లో కలిపిన దేవుడు ఇతను. జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ జీవితంలో చాలా భాగం ఈ దేవుడి వెంట, ఈయన్ని కొలిచే గొర్రెల కాపరుల వెంట తిరిగి రాశారు.

దేవుడి ముందు పాడే తీరులో మాత్రం ఎవరి దారి వారిదే. మహారాష్ట్ర నుంచి వచ్చే వాఘ్యా చేతిలో దిమిడి ఉంటుంది, పక్కన మురళి గంట ఆడిస్తూ పాడుతుంది. కన్నడ గొరవయ్య నల్ల కంబళి కప్పుకొని, ఎలుగుబంటి బొచ్చు కుల్లాయి పెట్టుకొని డమరుకం వాయిస్తాడు. తెలుగు దేశం నుంచి వచ్చేది ఒగ్గు.

ఒగ్గు మేళం పని పట్నం అనే ముగ్గుతో మొదలవుతుంది. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ ఎరుపు, ఎండబెట్టి నూరిన ఆకుల పచ్చ, కాల్చిన పొట్టు నలుపు. ఈ ఐదు రంగులను వేళ్ల సందుల్లోంచి సన్నగా జారవిడుస్తూ ఒగ్గు పూజారి నేల మీద గడులు, వంకులు తీరుస్తాడు. గీత తప్పితే చెరిపి దిద్దే అలవాటు లేదు, చేయి అంత తీరుగా ఉండాలి. ఆ పట్నం మీద మల్లన్న పెళ్లి జరిగాక కథ అందుకుంటారు. కాళ్లకు గజ్జెలు కట్టుకున్న కథకుడు ముందు నిలబడతాడు. వంతపాట అందుకునేవాడు పక్కన ఉంటాడు, వెనక డోలు, తాళాలు, నపీర. భుజం మీది కండువా నెత్తి మీదికి వచ్చిందంటే కథకుడు మేడలమ్మ అయిపోయినట్టు. అదే కండువా నడుముకు బిగిస్తే మల్లన్న. వినేవాళ్లలో ఎవరైనా కట్నం చదివిస్తే కథను అక్కడే ఆపి, ఆ ఇంటి పేరు, పెద్దల పేర్లు ఎత్తి దీవించి, మళ్లీ వదిలిన మాట దగ్గరే అందుకుంటాడు. డోలు దరువు మారితే యుద్ధం, డోలు ఆగితే ఏడుపు. ఇలా తెల్లవారేదాకా సాగుతుంది.

ఈ విద్యను దేశానికి చూపించిన చుక్క సత్తయ్యది జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురం. కేంద్ర సంగీత నాటక అకాడమీ 2014 సంవత్సరానికి ఆయన్ని పురస్కారంతో గౌరవించింది. ఆయన 2017లో కన్నుమూశారు. హనుమాజీపేట మిద్దె రాములు తలమీద దీపం నిలిపి ఆడుతూ కథ చెప్పేవారని కరీంనగర్ పల్లెలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. ఇద్దరూ బడిలో నేర్చుకోలేదు. జాతరల్లో, రాత్రంతా మేలుకొని వినే జనం ముందు నేర్చుకున్నారు. వినేవాళ్లకు కథ ముందే తెలుసు. ఎక్కడ తప్పినా ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ పట్టేస్తుంది. అంతకు మించిన పరీక్ష ఏ విశ్వవిద్యాలయంలోనూ ఉండదు.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న నేల మధ్య 1956 నవంబరు 1న గీత పడింది. అప్పటిదాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు మరాఠీ వైపు వెళ్లాయి. నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత ఎంత సన్నగా తెగిందంటే, జహీరాబాద్ తాలూకాలోని నిర్ణా సర్కిల్ మైసూరుకు పోగా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడటం న్యాయమైన కోరికే. దానివల్ల కోట్లమందికి తమ భాషలో చదువు, పాలన దక్కాయి. అయితే అంచున ఉన్న పల్లెల్లో ఒకే మనిషి ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, దర్గా దగ్గర దక్కనీ మాట్లాడతాడు. అతని పాటను ఏ అకాడమీ తనదిగా రాసుకోవాలి?

ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. కర్ణాటక కన్నడ సంస్కృతి శాఖ పేద కళాకారులకు మాసాశనం ఇస్తుంది. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు పింఛను ఇస్తుంది. రెండూ మంచి పథకాలే, రెండూ ఆయా రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకే. గుర్తింపు కార్డు కూడా అంతే. బీదర్ జిల్లాలో ఉంటూ తెలుగులో కథ చెప్పేవాడు కన్నడ అధికారికి పరభాషవాడిగా, తెలంగాణ అధికారికి పరాయి రాష్ట్రంవాడిగా కనిపిస్తాడు. నారాయణఖేడ్ వైపు కన్నడ భజనలు పాడేవాళ్ల సంగతీ ఇంతే. అంచున ఉన్న పాటగాడు ఏ దరఖాస్తు నింపినా ఏదో ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది.

ప్రభుత్వాలు ఉత్సవాలు చేయడం లేదనడానికి లేదు. 2023 జనవరిలో బీదర్ కోటలో బీదర్ ఉత్సవం పెద్ద ఎత్తున జరిగింది. సినిమా గాయకులు వచ్చారు, జనం తండోపతండాలుగా వచ్చారు. కోటను వెలుగుల్లో చూసి స్థానికులు పొంగిపోయారు. అందులో తప్పుపట్టాల్సింది లేదు. చిక్కంతా జానపద కళాకారులకు ఇలాంటి వేదికల మీద ఇచ్చే చోటుతోనే. శోభాయాత్రలో డోలు కొడుతూ నడవాలి, లేదంటే పెద్ద గాయకుడు వచ్చేలోగా పది నిమిషాలు ఆడి దిగిపోవాలి. రాత్రంతా సాగాల్సిన కథను పది నిమిషాలకు కుదిస్తే మిగిలేది గెంతులు, రంగు బట్టలు. కథ పోతుంది, పేర్లు పోతాయి, మాట పోతుంది. కొన్నేళ్లు అలా ఆడితే మేళానికే కథ మరుపున పడుతుంది.

వేదిక ఎక్కడం వల్ల మేళానికి నాలుగు డబ్బులు వస్తాయి, పేరు వస్తుంది, పిల్లలు తండ్రి విద్యను చిన్నచూపు చూడకుండా ఉంటారు అనే వాదనా ఉంది. అది నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు. ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చి నిలబెట్టింది. అన్ని ఇళ్లలో పొయ్యి వెలగడం చిన్న విషయం కాదు. కానీ వాళ్లు ఎక్కువగా పాడాల్సి వస్తున్నది ప్రభుత్వ పథకాల ప్రచార పాటలు. గొంతుకు జీతం దొరికింది, ఆ గొంతు మోసుకొచ్చిన కథకు దొరకలేదు. జాతరలో పాడే రాత్రికి కూడా అదే గౌరవం, అదే భత్యం ఇస్తే ఆ లోటు తీరుతుంది.

జాతరకు ఇప్పుడు మరో గండం డీజే. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషి ఎత్తు స్పీకర్లు కట్టి వదిలితే పక్కన కూర్చున్న మనిషి మాటే వినబడదు, ఒగ్గు కథకుడి మాట ఏం వినబడుతుంది? గర్భిణులు, ముసలివాళ్లు, పశువులు పడే బాధ సరేసరి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పల్లె జాతరల్లో అలాంటి పట్టింపు కనబడదు. మరోవైపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2010 సవరణ తర్వాత సంగీత వాద్యాలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. ఏడాదికి 15 రోజులకు మించకుండా, పండుగల వేళ రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఆ 15 రోజులు ఎవరికి పోతున్నాయో ప్రతి జిల్లాలోనూ అడిగి చూడాలి. పగలంతా చెవులు చిల్లులు పొడిచిన డీజేకి అడ్డు లేదు, రాత్రి కథ ఎత్తుకున్న మేళానికి మాత్రం కానిస్టేబుల్ వచ్చి కట్టెయ్యమంటాడు. సడలింపులో మొదటి వాటా మైకు అవసరం పెద్దగా లేని జానపద మేళాలకే దక్కాలి.

వినేవాళ్లు ఎక్కడున్నారని పెదవి విరిచేవాళ్లకు 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ సినిమా జవాబు చెప్పింది. వేణు యెల్దండి తీసిన ఆ సినిమా చివర బుడగ జంగాల జంట పస్తం మొగిలయ్య, కొమురమ్మ చావింట పాడే పాట ఉంది. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా చూపించినప్పుడు జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు మళ్లీ పలకరించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ పాటకు అంత బలం ఉందని పట్నానికి తెలియడానికి సినిమా కావాల్సి వచ్చింది. కిడ్నీ జబ్బుతో పోరాడి మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయారు.

పురస్కారాల సంగతీ చూడాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటక అంచునే ఉన్న నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. తెలుగువాళ్లంతా గర్వపడాల్సిన గౌరవాలివి. అయినా పద్మశ్రీ మొగులయ్య 2024లో హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్లాల్సి వచ్చిందన్న వార్త అందరూ చదివిందే. పురస్కారం ఒక్క మనిషికి వస్తుంది. కిన్నెర బతకాలంటే దాన్ని చేసేవాడు, నేర్చుకునేవాడు, పిలిచి వాయింపించుకునే ఊరు ముగ్గురూ ఉండాలి.

ఆ ఊరు ఎలా ఉండొచ్చో బీదర్‌కు కూతవేటు దూరంలోనే ఒక నమూనా ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ప్రారంభించాయి. 90.4 మీద వచ్చే ఆ రేడియోను నడిపేది దళిత మహిళలు. నాట్ల పాటలు, కలుపు పాటలు, పెళ్లి పాటలు, బతుకమ్మ పాటలు, విత్తనాల ముచ్చట్లు అందులో వస్తాయి. పాడినామె, రికార్డు చేసినామె, వింటున్నామె ఒకే సంఘంలో సభ్యులు. అదే సంస్థ ఏటా సంక్రాంతి నుంచి నెలరోజుల పాటు ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పే పాత పంటల జాతర చేస్తుంది. బండి ముందు ఆటపాట లేకుండా ఆ జాతర కదలదు. పాట మళ్లీ గింజతో కలిసి నడిచిన చోటు ఇది.

పాటలను నమోదు చేసే పనికీ నమూనా ఉంది. పుణె నుంచి పనిచేసిన హేమా రాయిర్కర్, గీ పొయిత్వాఁ మహారాష్ట్ర పల్లెల్లో విసుర్రాయి పాటలు లక్షకు పైగా సేకరించారు. అవి ఇప్పుడు ‘పరి’ వెబ్‌సైటులో పాడిన మహిళ పేరు, ఊరి పేరుతో సహా అందరికీ అందుబాటులో ఉన్నాయి. తెలుగులో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి 1950ల్లోనే దారి వేశారు. ఆ తర్వాత ఎందరో సేకరించారు. అయితే బీదర్ అంచున ఉన్న తెలుగు పాటను పేరూ ఊరితో సహా, పాడినవాళ్ల హక్కు పాడినవాళ్లకే ఉండేలా నమోదు చేసే పని ఇంకా పెద్ద ఎత్తున జరగాల్సే ఉంది.

పల్లె వేసవి సంగీతోత్సవం ఎలా పుంజుకుంటుందో చెప్పడానికి ఫిన్లాండ్‌లోని కౌస్తినెన్ మంచి ఉదాహరణ. జనాభా నాలుగు వేల చిల్లర. 1968 నుంచి ఏటా వేసవిలో అక్కడ జానపద సంగీతోత్సవం జరుగుతోంది. బయటి దేశాల బృందాలు వచ్చినా, ఉత్సవానికి వెన్నెముక ఆ ఊరి ఫిడేలు వాద్యమే. మౌనో యార్వెలా అనే గురువు వయసు, స్థాయి చూడకుండా పిల్లలందరినీ కలిపి కూర్చోబెట్టి వాయింపించే పద్ధతి తెచ్చారు. ఏమీ రానివాడికి కూడా గుంపులో వాయించడానికి ఒక చిన్న వరస దొరుకుతుంది. 2021లో యునెస్కో ఆ ఫిడేలు సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలు నేర్చుకున్నారు కాబట్టి ఉత్సవం నిలిచింది, ఉత్సవం ఉంది కాబట్టి పిల్లలు నేర్చుకుంటున్నారు.

బీదర్ సీమలో ఇది జరగడానికి కొత్త సంస్థ అవసరం లేదు. నాగపూర్‌లోని దక్షిణ మధ్య క్షేత్ర సాంస్కృతిక కేంద్రం పరిధిలో కర్ణాటక, తెలంగాణ, మహారాష్ట్ర మూడూ ఉన్నాయి. క్షేత్ర కేంద్రాలు నడిపే గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500 రూపాయలు, పక్కవాద్యం వాయించేవారికి 3,750, శిష్యుడికి 1,500 ఇస్తారు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే శిష్యుడి నెల భత్యం ఐదు రోజుల కూలి. కూలికి పోగలిగిన కుర్రాణ్ని ఈ లెక్క డోలు దగ్గర కూర్చోబెట్టలేదు. ముందు ఈ మొత్తాలు పెరగాలి. ఆ తర్వాత ఒగ్గు, గొరవ, వాఘ్యా గురువులకు ఒకే జట్టుగా మైలారం దగ్గర వేసవి శిక్షణ పెట్టవచ్చు. మే నెలలో చాలా రోజులు రెండు రాష్ట్రాల బడులకూ సెలవులే.

బీదర్, సంగారెడ్డి జిల్లా యంత్రాంగాలు కలిసి చేయాల్సినవి కూడా ఉన్నాయి. హోలీ నుంచి మృగశిర దాకా సరిహద్దుకు ఇరువైపులా వచ్చే జాతరలు, ఉరుసులు, పట్నాల తేదీలతో కన్నడ, తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో ఒకే పట్టిక అచ్చు వేయాలి. ఆ రాత్రులకు రెండు రాష్ట్రాల ఆర్టీసీలు బస్సులు నడపాలి. మేళాలు కూర్చునే చోట నీళ్లు, నీడ, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలి, ముఖ్యంగా ఆడవాళ్లు రాత్రంతా ఉండగలిగేలా. మేళం పాడినన్ని రాత్రులకు నేరుగా దాని ఖాతాలో భత్యం వేయాలి. ఏ రాష్ట్రం కార్డు ఉన్నా రెండో రాష్ట్రం ఒప్పుకొనేలా ఒక ఉత్తర్వు ఇవ్వాలి. డీజే ట్రాలీలను జాతర ప్రాంగణం బయటే ఆపాలి.

వీటికి అయ్యే ఖర్చు కోటలో జరిగే ఒక్క పెద్ద ఉత్సవం ఖర్చులో చిన్న వంతు. అయితే నిర్ణయం సంక్రాంతిలోగా రావాలి. ఆ తర్వాత మేళాలు ఊళ్ల దగ్గర బయానా తీసేసుకుంటాయి. ఒకసారి మాట ఇచ్చాక ఏ కలెక్టరు పిలిచినా ఆ తేదీ మార్చుకోరు.